ఎర్ర కోటు విప్పించిన మాస్టారు

మంట ముందు ఎలా నిలబడాలో మాకు నేర్పిన మాస్టారు మొన్న తెల్లవారుజామున పోయారు. నిద్రలోనే పోయారని వాళ్ళబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. రాస్తాను. రాయకపోతే అన్యాయం. కానీ మంచి దగ్గరే ఆగిపొమ్మంటే మాత్రం నా వల్ల కాదు.

ఆయన ఫైర్ స్టేషన్లలో పనిచేసి రిటైరయ్యారు. మన్యం కొండల్లో అడవి తగలబడినప్పుడు అక్కడివాళ్ళకు తర్ఫీదు ఇచ్చి వచ్చిన మనిషి. కొత్తపేట వైపు మా ఊళ్ళో కొబ్బరితోటల కింద గ్యాసు పైపులున్నాయి. వేసినవాళ్ళు మాకు చెప్పింది ఒకటే: ఏం భయం లేదని. ఆ మాట నమ్మకుండా, ఆదివారం చర్చి వదిలాక మమ్మల్ని స్కూలు ఆవరణలో కూర్చోబెట్టి, పైసా తీసుకోకుండా పాఠం చెప్పినవాడు ఆయనొక్కడే.

ఎండు కొబ్బరాకులు పోగేసి అంటించేవారు. మేం బకెట్లతో పరిగెత్తితే నవ్వేవారు. "ఆర్పడం ఆనక చూద్దురుగానండి, ముందు పక్కింటి మామ్మగారు బయటికొచ్చేరో లేదో చూసేరా?" టీ పూర్తిగా చల్లారితే గాని తాగేవారు కాదు. ఎందుకండీ అంటే, "వేడంతా సర్వీసులోనే తాగేసేనండి" అనేవారు.

ఆయన పాఠమంతా ఒక్క నియమం మీద నడిచేది. ప్రమాదం దగ్గరికి ఎవరు ముందు చేరితే వాళ్ళు ఎర్ర కోటు వేసుకోవాలి. ఆ కోటు చెప్పినట్టే కలెక్టరైనా వినాలి. "ఇద్దరు పెద్దలుంటే రెండు మంటలండి." ఇరవయ్యేళ్ళుగా సమానత్వం గురించి వ్యాసాలు రాస్తున్నాను. నేను చెప్పలేనిది ఆయన ఒక్క కోటుతో చెప్పేశారని పొంగిపోయాను.

ఉత్తుత్తి ప్రమాదం పెట్టి చూసే అభ్యాసం రోజు వచ్చింది. అధికారులు వచ్చారు, కెమెరాలు వచ్చాయి. గ్యాసు లీకైందన్న ఈల వినగానే అందరికంటే ముందు చేరింది కరుణ, ఊరి చివర దళితుల పేటలో అంగన్‌వాడీ టీచరు. కోటు వేసుకుని అరిచింది: "పొయ్యిలు ఆపండి! ఫోన్లు తియ్యకండి! కాలవ గట్టు మీదకి నడవండి!"

పేట నడిచింది. ఆసాములుండే పెద్దవీధి కదల్లేదు. ఆ వీధి పెద్దరైతు బండి మీద కూర్చునే అన్నాడు: "ఏంటమ్మాయ్, నువ్వు తోలితే మేం గట్టెక్కాలా? మేమేమన్నా గేదెలమా?" వీధి వీధంతా నవ్వింది.

మాస్టారు ఆయన్ని గట్టిగా నిలదీస్తారనుకున్నాను. కరుణ దగ్గరికి వెళ్ళారు. "అమ్మా, ఆ కోటు ఇలా ఇయ్యమ్మా."

"ఎందుకండీ?"

"ఇద్దరు పెద్దలుంటే రెండు మంటలని చెప్పేను కదమ్మా."

"రెండో పెద్ద ఎవరండి మరి? ముందొచ్చింది నేనే కదండీ!"

మాస్టారు చెయ్యి చాపారు. కరుణ కోటు విప్పి ఇచ్చింది. ఆయన దాన్ని పెద్దరైతుకు తొడిగారు. అప్పుడు పెద్దవీధి దర్జాగా గట్టెక్కింది. చప్పట్లు, ఫోటోలు.

సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. "మీరు చేసింది ద్రోహం మాస్టారూ."

"ఆయ్. ద్రోహమే అనుకోండి. గట్టెక్కేరు కదండీ? అసలు రోజున ఎక్కకపోతే పోయేది పేణాలండి."

"అసలు రోజున ఆ పెద్దాయన ఊళ్ళో లేకపోతే?"

ఆయన ఇంకా చల్లారని టీ బల్ల మీదే వదిలేసి లేచి వెళ్ళారు.

ఆ అసలు రోజు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం వచ్చింది. తోటలో పైపు బుస్సుమంది. కంపు కమ్ముకుంది. పెద్దరైతు అభ్యాసం నాటి కోటు తన బీరువాలో పెట్టుకుని అమలాపురం పెళ్ళికి వెళ్ళాడు. కరుణ ఒట్టి చీరతో నిలబడి ఆ మాటలే అరిచింది. పేట పొయ్యిలు ఆపి గట్టెక్కింది. పెద్దవీధి వాళ్ళేం చేశారో తెలుసా? పెళ్ళికెళ్ళిన పెద్దరైతును ఓ మాట అడుగుదామని, ఆ కంపులోనే నిలబడి, సెల్‌ఫోన్లు తీశారు! పైపు మనుషులొచ్చి వాల్వు మూసేదాకా నిప్పు పుట్టలేదు కాబట్టి బతికాం. దాన్ని తర్ఫీదు అనకండి. అదృష్టం అనండి.

సంగతి విని మాస్టారు కరుణ ఇంటికి వెళ్ళారని తెలుసు. ఏమన్నారో మొన్న ఆయన శవం ముందే ఆమెను అడిగాను.

"మళ్ళీ క్లాసులు పెడతాను, కోటు నీకే ఇస్తాను, రామ్మా అన్నారండి."

"నువ్వేమన్నావ్?"

"రానన్నానండి."

"మరి ఇప్పుడెందుకొచ్చేవ్?"

"నేర్పినాయన కదండీ. కోపం నా దగ్గరే ఉంది, ఎక్కడికీ పోలేదు."

ఆయన నేర్పకపోతే ఆ మధ్యాహ్నం పేటలో ఒక్క పొయ్యీ ఆరేది కాదు. అది నాకు తెలుసు. తెలిసి కూడా ఆయన్ని క్షమించలేకపోతున్నాను. వాదించడానికి ఇక ఆయన లేరు. నా కోపమంతా అక్కడే.

చితి అంటించాక గాలి మళ్ళింది. పొగంతా మా మీదకి దిగింది. పెద్దరైతు, అధికారులు, నేను, అందరం దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ, ఎటు జరగాలో తెలియక ఒకళ్ళనొకళ్ళు తోసుకున్నాం. శ్మశానం పక్క రోడ్డు మీద, పొగ అందని చోట, కరుణ ఒక్కతే నిలబడి ఉంది. ఎటు నడవమంటుందోనని ఒక్కొక్కరం తలతిప్పి ఆమె వైపు చూశాం. ఆమె కూడా మమ్మల్నే చూస్తూ నిలబడింది.