దస్తగిరమ్మ నింపని ఒడి

కడప దగ్గరి ఒక మిషను ఆసుపత్రిలో, అన్నిటికంటే వెనక, మతి తప్పిన ఆడవాళ్ల వార్డు ఉండేది. పదకొండు మంచాలు. దస్తగిరమ్మ అక్కడ ఆయా. ఇరవై రెండేళ్లకే మొగుణ్ణి కలరా తీసుకుపోతే ఆ పనిలో చేరింది. వాళ్ల తలలు దువ్వుతూ, మాటలు వింటూ ఉండగానే తన జుట్టు నెరిసింది.

మిట్టమధ్యాహ్నం ఎండ తెల్లగా నిలిచిపోయి, వేపాకు కూడా కదలని వేళ ఆ ఆడవాళ్లు కలలు చెప్పుకునేవారు. ఎక్కువ కలల్లో మొగుళ్లే ఉండేవారు. దొరసాని డాక్టరమ్మ దాన్నీ జబ్బు కిందే రాసుకునేది. దస్తగిరమ్మకు అది జబ్బనిపించలేదు. అలాంటి కలలు తనకూ వచ్చేవి.

ఓబులమ్మ కల ఎప్పుడూ ఒకటే. ఎర్రగుంట్ల నాపరాళ్ల గనిలో పనిచేసే ఆమె మొగుడు ఈరన్న, పొద్దుగూకినా వేడి చల్లారని బండ మీద బోర్లా పడుకుని ఉంటాడు. ఆమె అతని వీపు మీది రాతిపొడిని అరచేత్తో తుడుస్తుంటుంది. తుడిచేకొద్దీ అది వెన్నెల పొడిలా రాలుతూనే ఉంటుంది.

"ఇట్ల తల్చుకునేది తప్పామ్మా?" అని దస్తగిరమ్మను అడిగేది.

"తప్పేముండాది? ఆకలైతే కూడు తల్చుకోమా?"

ఈరన్న నుంచి అంటిన సవాయి అనే సుఖరోగం మెదడుకెక్కి ఓబులమ్మకు మతి తప్పింది. ఏడాది వైద్యంతో తేరుకుంది. ఇంటికి పోవచ్చు. కానీ అతనూ సూదులు వేయించుకోకపోతే రోగం మళ్లీ అంటుతుందని డాక్టరమ్మ చెప్పింది. పెళ్లాన్ని తీసుకుపోవడానికి వార్డుకొచ్చిన ఈరన్న వినలేదు. దస్తగిరమ్మతో వాదించాడు.

"బండలు పగలగొడతాండా, నాకేం రోగం అత్తా? ఆ సూదుల వరసలో నిలబడితే మా ఊరోళ్లు నవ్వి సంపుతారు. దాన్ని పంపియ్యి."

ఓబులమ్మ అప్పటికే మూట కట్టుకుంది. ఆమెకు పుట్టింటివాళ్లు లేరు. కొంగు చాపి దస్తగిరమ్మ ముందు నిలబడింది. "నువ్వే మా అమ్మవు. ఒడిబియ్యం పోసి పంపమ్మా."

పుట్టిల్లు ఒడి నింపనిదే ఆ సీమలో ఆడబిడ్డ కదలదు. దస్తగిరమ్మ బియ్యం చేట తెచ్చింది. పోయలేదు.

"పోయనప్పా," అంది ఈరన్నతో. "నీ ఒళ్లు బాగయ్యేదాకా ఈ బిడ్డ ఒడి ఖాళీగానే ఉంటాది."

"ఏం, నువ్వు కన్నావా దాన్ని?"

"కన్లే. ఏడాది పొడుగునా తల దువ్వినా. అది సాలు."

మంచాల మీది ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఓబులమ్మ నవ్వలేదు. కొంగు దించి మొగుడి దగ్గరికి నడిచింది.

"నువ్వు నాకు కావాల. శానా కావాల. కానీ పోయిన ఉగాదికి నువ్వొస్తే నీ మొగమే గుర్తుపట్టలేదంట నేను. మళ్లా అట్ల కావద్దు."

"వరసలో మాత్రం నిలబడను," అన్నాడు ఈరన్న మెల్లగా.

"ఈడనే వేయిస్తా," అంది దస్తగిరమ్మ. "పిచ్చోళ్ల వార్డులోకి మీ ఊరోడు ఎవడొస్తాడప్పా సూసేకి?"

డాక్టరమ్మ వచ్చింది. సూది దిగగానే బండలు పగలగొట్టే మనిషి "అమ్మో" అన్నాడు.

"ఇంకా ఎన్నాళ్లు?" అని అడిగాడు.

"వారానికొకటి. ఏడాది," అంది డాక్టరమ్మ.

"అన్నాళ్లా?"

"నేనుండలేదా ఏడాది?" అంది ఓబులమ్మ.