చెల్లని పేరు

దర్శన్ మేనత్త కెంపమ్మ మడివాళ మార్కెట్లో పూలు కట్టి అమ్ముతుంది. ఆమెకు ఉన్నది ఆ ఒక్క పేరే. ఆధార్ కార్డులోనూ అంతే. కళ్లు తిరుగుతున్నాయని ఆమె ఫోన్ చేస్తే, దర్శన్ ఆఫీసుకు సెలవు పెట్టి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక ల్యాబుకు తీసుకెళ్లాడు.

కౌంటర్లో అమ్మాయి పేరు కొట్టగానే తెరమీద ఎర్రక్షరాలు వచ్చాయి.

"సర్‌నేమ్ ఏంటమ్మా?"

"కెంపమ్మే."

"అది పేరు. ఇంటిపేరు లేకపోతే సిస్టం తీసుకోదు."

"అట్లాంటిదేమీ లేదు పాపా. అందరూ కెంపమ్మనే అంటారు."

అమ్మాయి ఇంటిపేరు గడిలో ఒక చుక్క పెట్టి చూసింది. ఒక అక్షరం పెట్టి చూసింది. లాభం లేదు. వెనక ఎవరో విసుక్కున్నారు. కెంపమ్మ తప్పు చేసినదానిలా కొంగు సర్దుకుంది.

"ఏమని రాసుండాదప్పా ఆడ?" అని మేనల్లుణ్ణి అడిగింది.

చెల్లని పేరు అని ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ మాట రాసింది దర్శనే. వైట్‌ఫీల్డ్‌లో అతను పనిచేసే కంపెనీ లైబ్రరీ అనే రెడీమేడ్ కోడ్ తయారుచేస్తుంది. ఆసుపత్రుల వాళ్లూ ల్యాబుల వాళ్లూ ఆ కోడ్‌ను తమ సాఫ్ట్‌వేర్‌లో కలుపుకుంటారు. అందులో మనిషిని నమోదు చేసే భాగానికి బయటినుంచి ఏ వివరం వచ్చినా ముందు సరిచూడాలి. ఆ పని దర్శన్‌ది. వయసు సున్నాకంటే తక్కువుంటే ఆపాడు, ఫోన్ నంబర్లో అక్షరాలుంటే ఆపాడు. అదే ఊపులో ఇంటిపేరు లేకపోయినా, ఒక్కక్షరమే ఉన్నా ఆపేశాడు. ఒక్క పేరే ఉన్నవాళ్లు ఇరుక్కుపోతున్నారని ఎవరో ఫిర్యాదు రాస్తే, "కావాలనే అలా పెట్టాం" అని జవాబిచ్చి మూసేశాడు.

తెలియక కాదు. కాలేజీలో చేరేదాకా అతనూ ఒట్టి దర్శనే. హాస్టల్లో తోటివాళ్లు నవ్వితే, తన పేరు వెనక తండ్రి పేరు తగిలించుకున్నాడు.

"ఏంలేదత్తా, సిస్టం సతాయిస్తా ఉండాది" అన్నాడు.

చివరికి ఆ అమ్మాయి రెండుచోట్లా ఆమె పేరే కొట్టింది. రక్తం తీసే గదిలోంచి "కెంపమ్మ కెంపమ్మ" అని పిలిస్తే క్యూలో కొందరు నవ్వారు. ఆమె కూడా నవ్వబోయి ఆగిపోయింది.

ఆటోలో దర్శన్ ఉండబట్టలేక చెప్పేశాడు, ఆ అడ్డం పెట్టింది తనేనని.

కెంపమ్మ అతని వైపు తిరిగింది. "పెట్టేటప్పుడు నేను గ్యాపకం రాలేదాప్పా నీకు?"

రాలేదని చెప్పబోయాడు. కానీ ఆ ఫిర్యాదు మూసేస్తున్నప్పుడు ఆమె ముఖం మనసులో మెదిలిన మాట నిజం. తల దించుకున్నాడు.

మర్నాడు ఆఫీసులో ఒక్క పేరున్నా చాలేటట్టు కోడ్ మార్చాడు. పాత ఫిర్యాదు మళ్లీ తెరిచి, తప్పు తనదేనని రాశాడు.

"ఇన్నాళ్లూ ఎందుకలా ఉంచావ్?" అంది టీమ్ లీడ్ వరూధిని.

అతను ఆమె వైపు తిరగకుండా కొత్త వెర్షన్ విడుదలకు పెట్టాడు.

మార్పు బయటికి వెళ్లింది. ల్యాబు వాళ్లు మాత్రం ఇంకా పాత వెర్షనే వాడుతున్నారు, వాళ్లు ఎప్పుడు మారతారో అతని చేతిలో లేదు. రిపోర్టులో అత్తకు రక్తం తక్కువగా ఉందని వస్తే మాత్రలు కొనుక్కుని మడివాళ వెళ్లాడు. కెంపమ్మ పూలబుట్ట పక్కకు జరిపి, "కూచోప్పా, తిన్నావా?" అంది, ఏమీ జరగనట్టే.

అతను కూర్చున్నాడు గానీ ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.