అనుములు ఉడకని మధ్యాహ్నం

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. ఏ పనికైనా ఫోన్‌లో వీడియో దొరికితే చాలు, ఆ పని నాకు వచ్చేసినట్టే. తెలంగాణ వచ్చిన కొన్నాళ్ళకు, నెట్టు చౌకై ఇంటింటికీ పెద్ద ఫోన్లు దిగిన కాలం అది. నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. జడ అల్లుకోవడం నుంచి మిక్సీ బాగుచేయడం దాకా అన్నీ చూశాను. (చూశానన్నాను, చేశాననలేదు.) ఇంత విద్య ఉన్న మనిషిని మా ఇంట్లో వంటింటి ఛాయలకు కూడా రానివ్వరెందుకో అని లోలోపల బాధపడేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే వాళ్ళది ఎంత ముందుచూపో తెలుస్తోంది.

మాది పోచంపల్లి. ఇంట్లో ముందుగది మొత్తం మగ్గానిది, మిగిలిన చోట మేము సర్దుకునేవాళ్ళం. బాపుకు మోకాళ్ళు సహకరించకపోయేసరికి మగ్గం మీదికి అన్న ఎక్కాడు. మా అన్న నేసిన చీర మీద నుంచి కళ్ళు తిప్పుకోవడం కష్టం గానీ, అన్నకు పిల్లనివ్వడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. వచ్చినవాళ్ళు "పిలగాడేం జేస్తడు?" అని అడగడం, బాపు "మగ్గం నేస్తడు" అనడం, వాళ్ళు సగం తాగిన చాయ గ్లాసు కింద పెట్టి "ఇంటికి వోయి మాట్లాడుకొని జెప్తం" అని లేవడం. ఇదే వరస. చివరికి అన్న "ఇగ ఎవ్వరిని పిలువకున్రి" అని చెప్పి, పెళ్ళిచూపులకని కుట్టించుకున్న తెల్లచొక్కాను పెట్టెలో అట్టడుగుకు తోసేశాడు.

అలాంటప్పుడు మా పెద్దమ్మ చిట్యాల నుంచి ఒక సంబంధం పట్టుకొచ్చింది. పిల్ల తండ్రికి అక్కడ కిరాణం దుకాణం. ఒకప్పుడు ఆయనా మగ్గం నేసినవాడే, మానేసి చాలా ఏళ్ళయింది. నౌకరీ ఉన్న అల్లుడే కావాలని ఆయన పట్టుదల. కానీ ఆ ఇంట్లో ఆఖరి మాట ఆయన తల్లిదట. ఆ అవ్వ "ఇల్లు జూసొస్తె ఏం బోతది" అన్నదట. పిల్ల కూడా తానూ వస్తానందట. సరిగ్గా అప్పుడే మా అమ్మ నల్లా దగ్గర జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. వాళ్ళు వచ్చేది శనివారం, ఆ రోజు అవ్వ నీసు ముట్టదు. అందుకని జొన్నరొట్టెలు, అమ్మకు మా వాడలో పేరు తెచ్చిన అనుముల పులుసు అనుకున్నారు. (అనుములంటే ఎండిన అనపగింజలు. చూడ్డానికి అమాయకంగా ఉంటాయి.) రొట్టెలు చేసి పంపుతానని పక్కింటి చిన్నమ్మ ఒప్పుకుంది. పులుసు ఎవరు చేస్తారన్న మాట వచ్చేసరికి నేను లేచి నిలబడ్డాను.

అమ్మ నా వైపు చూసి, కట్టు కట్టిన తన చేతి వైపు చూసుకుంది. "నేను పక్కన కూసొని జెప్త, నువ్వు జెయ్యి బిడ్డా" అంది.

"వద్దమ్మా, నువ్వుంటె నాకు పరేషానైతది. ముంగటింట్ల కూసో, నేను జూసుకుంట" అన్నాను.

వీడియో చూశాను కూడా. కాకపోతే టైము కలిసొస్తుందని రెండింతల వేగంతో చూశాను. అందులో ఆమె మట్టికుండలో వండింది కాబట్టి, మా కుక్కరును అటకెక్కించి చిన్నమ్మ వాళ్ళ మట్టికుండ అడిగి తెచ్చాను. అనుములు, చింతపండు రసం, ఉప్పు, కారం, ఉల్లిగడ్డ అన్నీ ఒక్కసారే కుండలో వేసి మూత పెట్టాను. ఒకటి తర్వాత ఒకటి వేస్తూ కూర్చోవడం పాతకాలం వాళ్ళ చాదస్తమని నా ఉద్దేశం. పులుపు తగిలిన గింజ పంతం పట్టి ఉడకదన్న సంగతి వీడియోలో ఆమె చెప్పే ఉంటుంది. ఆ వేగంలో ఆమె గొంతు నాకు పిచ్చుక కూతలా వినిపించింది, అంతే.

చుట్టాలు పన్నెండు కాకముందే వచ్చారు. చాయలు తాగారు. అన్న తెల్లచొక్కాలో బిగుసుకుపోయి కూర్చున్నాడు. పిల్ల తండ్రి గోడకు ఆనుకోకుండా కూర్చుని, "మూడింటి బస్సుకు పోవాలె, దుకాణం ఇడిసిపెట్టి వచ్చిన" అన్నాడు. బాపు నవ్వుతూ "అయిపోయింది బావా, అయిదు నిమిషాలల్ల తిందురుగని" అన్నాడు. నేను లోపల మూత తీసి ఒక గింజ కొరికి చూశాను. టక్కుమంది. కాసేపాగి మళ్ళీ కొరికాను. ఈసారి ఇంకా గట్టిగా ఉందనిపించింది. బాపు ముందుగదిలో నుంచి అయిదు నిమిషాలు, అయిదు నిమిషాలు అంటూనే ఉన్నాడు. రెండు దాటింది.

అంతసేపు ఊరికే కూర్చోలేక పిల్ల తండ్రి లేచి మగ్గం చుట్టూ తిరగడం మొదలుపెట్టాడట. "గీ చీర మీద పని మంచిగున్నది" అన్నాడట. ఆ తర్వాత పాత రోజులు గుర్తొచ్చాయేమో, "జర నన్ను కూసోనియ్యి" అని మగ్గం గుంటలోకి కాళ్ళు వదిలాడట. రెండు వరసలు బాగానే పడ్డాయి. మూడోదానికి ఫట్ ఫట్‌మని పోగులు తెగిపోయాయి. అప్పటిదాకా ఎత్తిన మెడ ఎత్తినట్టే ఉన్న మనిషి, బడిలో పలక పగలగొట్టిన పిల్లవాడిలా అయిపోయాడట. అన్న "ఏం గాదు మామా, నేను అతుకుత" అని పక్కన వంగి కూర్చున్నాడు. (మామా అన్నాడు! ఇంకా ఏమీ కుదరకముందే! ఆ మాట విని అమ్మ గుండె ఆగినంత పనైందట.)

ఇక్కడ వంటింట్లో నేను గింజను బండ మీద పెట్టి పప్పుగుత్తితో కొడుతున్నాను. మంచినీళ్ళకని వచ్చిన పిల్ల గుమ్మంలో ఆగిపోయింది.

"ఏం జేస్తున్నవ్?"

"ఉడికిందా లేదా చూస్తున్న" అన్నాను. గింజ ఎగిరి వెళ్ళి ఆమె కాలి దగ్గర పడింది. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ముందుగదికి వినబడకుండా చున్నీ నేనూ, కొంగు ఆమే నోట్లో కుక్కుకుని నవ్వాం. కళ్ళు తుడుచుకుని ఆమె, "మా ఇంట్ల సెనగలు ఉడకకుంటె సోడా ఉప్పేస్తరు" అంది.

"ఎంతెయ్యాలె?"

"ఏమో, నేనెన్నడు చూడలె."

కొంచెం వేస్తే కొంచెమే ఉడుకుతాయని లెక్కగట్టి పొట్లం మొత్తం కుమ్మరించాను. పులుపులో సోడా పడితే ఏమవుతుందో ఇంటర్‌లో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్నే. కుండ ఒక్క క్షణం ఊరుకుంది. తర్వాత బుస్సుమంటూ లేచింది చూడండి, ఎర్రటి నురగ! మూతను పక్కకు తోసి, పొయ్యిని ఆర్పి, బండ మీద నుంచి కిందికి దూకి, మా ఇద్దరి కాళ్ళ మీదుగా గుమ్మం వైపు నడిచింది. నేను గ్యాసు కట్టేసి కెవ్వున అరిచాను. ఆమె నాకంటే గట్టిగా అరిచింది. అందరూ పరుగెత్తుకొచ్చారు.

నా జుట్టుకు నురగ, ఆమె కొత్తచీరకు నురగ. అయిపోయింది, అన్న పెళ్ళిని కుండలో వేసి వండేశాననుకున్నాను. అప్పుడు మా అమ్మ ఫక్కుమంది. విరిగిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, "ఓ తల్లీ, నన్ను నవ్వియ్యకే, చెయ్యి గుంజుతాంది" అంటూ గోడకు జారబడి నవ్వింది. అన్న మాత్రం భుజం మీది తువ్వాలు తీసి, తెల్లచొక్కా సంగతి మరిచి నేల మీద గొంతుక్కూర్చుని తుడవడం మొదలుపెట్టాడు. "మీరిద్దరు పక్కకు జరుగున్రి, జారిపడ్తరు. ఈ ఇంట్ల ఒక్క చెయ్యి ఇరిగింది సాలు" అన్నాడు.

చిట్యాల అవ్వ మెల్లగా ముందుకొచ్చి, కుండలో నుంచి ఒక గింజ తీసి నోట్లో వేసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, అరచేతిలోకి ఉమ్మి చూసింది. "గివి అనుములా, గోలీలా? నాకున్నయే నాలుగు పండ్లు. కుక్కరు లేదా మీ ఇంట్ల?"

"ఉన్నదవ్వా. అటక మీద."

"అటక మీద కూసొని ఏం జేస్తాంది?"

"కుండల వండితె రుచి మంచిగుంటదని..."

"రుచి సంగతి తర్వాత బిడ్డా. ముందుగాల ఉడకనీ."

గింజలను నీళ్ళు మార్చి మార్చి కడిగి కుక్కర్లో వేశాం. అది కూతలు కూస్తుంటే మూడింటి బస్సు వెళ్ళిపోయిందన్న సంగతే ఎవరికీ గుర్తు రాలేదు. సోడా తిన్న అనుములు ఈసారి అడక్కుండానే ఉడికాయి. ఎంతగా అంటే మూత తీస్తే ఒక్క గింజ కూడా మిగల్లేదు, అంతా చిక్కటి ముద్ద. అందులో మళ్ళీ చింతపండు పిండి తాలింపు పెట్టాను. ఆకలి మీద ఉన్నారేమో అందరూ రొట్టెలు తుంచుకుని తలెత్తకుండా తిన్నారు. అవ్వ గిన్నె నాకినంత పని చేసి, "నా పండ్లను జూసి వండినట్టే ఉన్నది" అంది.

చేతులు కడుక్కుని పిల్ల తండ్రి గొంతు సవరించుకున్నాడు. "ఇంటికి వోయి మాట్లాడుకొని..." అన్నాడు. మాకు తెలిసిన మాటే. అన్న తల దించుకున్నాడు.

"ఇంటికి వోయి ఏం మాట్లాడ్తం బాపూ?" అంది పిల్ల. "మన ఇంట్ల పాలు పొంగితెనే పొద్దందాక లొల్లి. గీడ పులుసంత పొంగి ఇల్లంత పారినా నవ్విన్రు. ఆయన ఒక్క మాట అనకుంట నేల తుడిసిండు. నాకు ఇష్టమే."

ఆయన తల్లి వైపు చూశాడు. ఆమె పంటి సందులో పుల్ల పెట్టుకుంటూ ఇంకేం కావాలన్నట్టు తలాడించింది. ఆయన కాసేపు మగ్గం వైపు చూసి, "నేను తెంపిన పోగులు గూడ సప్పుడు జెయ్యకుంట అతికిండు" అని తనలో తాను అనుకున్నట్టు గొణిగాడు. బాపు గబుక్కున లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఎక్కడ మనసు మార్చుకుంటాడో అని సాయంత్రం బస్సెక్కేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఉంటున్నాను. అనుముల పులుసు చక్కగా కుదురుతుంది. గింజ విడివిడిగా మెత్తగా ఉంటుంది, పులుపు ఆఖర్నే పడుతుంది, పొయ్యి మీద ఒక్క చుక్క ఒలకదు. మొన్న వండితే మా ఆయన ఫోన్ చూస్తూ తిని "బాగుంది" అన్నాడు, గిన్నె సింకులో పెట్టాడు. ఇద్దరం మా పనుల్లో పడ్డాం. అప్పుడెందుకో ఒకప్పటి నేను, ఆ డిగ్రీ పిల్ల, ఒక్కసారి పప్పుగుత్తి పట్టుకుని నా వంటింట్లోకి వస్తే బాగుండనిపించింది. రానీ, ఎంత పొంగిస్తే అంత పొంగించనీ. తుడవడం నాకు ఇప్పుడు బాగానే వచ్చు.