కారు తాగిన ఆయిల్, నేను కొట్టేసిన వాక్యం

"నార్మల్" అనే మాటంటే నాకు ఒళ్లు మంట. ముప్ఫై నాలుగేళ్లు సింగపూర్ రేవులో ఓడలకు పోసే ఇంధనాన్ని కొలిచే సర్వేయర్‌గా పనిచేశాను. తక్కువ పోసి ఎక్కువ పోశామని సంతకం అడిగే ప్రతివాడూ ముందు ఆ మాటే అనేవాడు. "ఇంత తేడా నార్మలే సార్." అందుకే మా అమ్మాయి కారు ఇచ్చిన వర్క్‌షాప్‌లో కౌంటర్ వెనక మనిషి అదే మాట అన్నప్పుడు, అతని ముఖం సరిగ్గా చూడకముందే అతను నాకు నచ్చలేదు.

కారు కూడా నాకు నచ్చలేదు. వెనక సీట్లో నా మోకాళ్లు పట్టవు. చిన్న ఇంజిన్‌కు టర్బో తగిలించి, పెద్ద కారులా పరుగెత్తమని అదిలించే రకం. పొద్దున స్టార్ట్ చేస్తే బుకిట్ బటోక్‌లో మా బ్లాక్ మొత్తానికి తెలుస్తుంది. ఒకరు వాడి అమ్మేసిన దాన్ని, కంపెనీ వారంటీ ఇంకా కొంత మిగిలి ఉందని, మా అమ్మాయి ముచ్చటపడి కొనుక్కుంది. ఆమె ఆఫీసు ఇక్కడే, ఫ్యాక్టరీ మాత్రం మలేషియాలో, మలక్కా దగ్గర. వారానికి ఒకసారి సెకండ్ లింక్ వంతెన దాటి, హైవే మీద వెళ్లి సాయంత్రానికి తిరిగి వస్తుంది.

ఒక మంగళవారం జోరువానలో, హైవే మీద లారీల మధ్య, ఆయిల్ దీపం ఎర్రగా వెలిగింది. రోడ్డు పక్కన గంటన్నర నిలబడిపోయింది. కారును లాక్కెళ్లడానికి వచ్చినవాడు ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూసి, దానికి చుక్క కూడా అంటలేదని చెప్పాడట. సర్వీసు చేయించి మూడు నెలలు కాలేదు. కారు కింద ఎక్కడా మరక లేదు. అంటే ఆయిల్ కారడం లేదు, ఇంజినే లోపల తగలేస్తోంది.

వర్క్‌షాప్‌కు ఆమెతో నేనూ వెళ్లాను. ఆ సర్వీస్ అడ్వైజర్ మలేషియాలో పుట్టిన తెలుగువాడు. తాతల నాటి శ్రీకాకుళం యాస, మాట చివర ఇక్కడివాళ్లు తగిలించే "లా".

"ఏటి అంకుల్, ఇంత టెన్షన్? ఇలాంటి స్పోర్టీ కార్లు ఆయిల్ తాగుతాయిలా. నార్మల్."

"ఎంత తాగితే నార్మల్?"

"వెయ్యి కిలోమీటర్లకి అర లీటరు. కంపెనీ బుక్కులోనే ఉంది."

"మరి మా కారు ఎంత తాగుతోందో కొలిచావా బాబూ?"

"కొలవక్కర్లేదు అంకుల్. నేను రోజూ చూస్తన్నాను కదా."

కొలవకుండా చెప్పాడు. ఓడల ట్యాంకులు కొలిచిన వాణ్ణని, కొలతలు ఎలా ఉంటాయో తనకు చూపిస్తానని అక్కడే అతనికి చెప్పి, ఆయిల్ నింపించుకుని వచ్చాను. చెప్పకుండా ఉండాల్సింది.

వారంటీకి ఎనిమిది వారాలు మిగిలాయి. ఈలోగా ఇంజిన్‌లో లోపం ఉందని వాళ్లు ఒప్పుకోవాలి. లేకపోతే అదే ఇంజిన్‌తో మా అమ్మాయి ప్రతి వారం ఆ హైవే ఎక్కుతుంది. బస్సులో వెళ్లమంటే వినే మనిషి కాదు.

పదిహేడో ఏట కాకినాడలో మొదలుపెట్టిన డైరీ నేను ఒక్క రోజూ మానలేదు. కారు కోసం అందులో వెనక పేజీలు కేటాయించాను. ఆదివారం, బుధవారం పొద్దున ఆరున్నరకు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, పాత బనియన్ గుడ్డ, చిన్న స్టీలు స్కేలు పట్టుకుని మా మల్టీ స్టోరీ కార్ పార్కుకు వెళ్లేవాణ్ణి. కడ్డీ తుడిచి, దించి, తీసి, ఆయిల్ ఎక్కడిదాకా అంటిందో మిల్లీమీటర్లలో రాసేవాణ్ణి. టైము, తిరిగిన కిలోమీటర్లు, ఎన్నో అంతస్తు (డెక్), ఎన్నో గడి (లాట్), కొలత. చివర "విశేషాలు" అనే వరస. మాకు ఫలానా చోటని ఉండదు, ఏది ఖాళీగా ఉంటే అందులో పెట్టాలి. అందుకే లాట్ నంబరు కూడా రాశాను. కొలత ఎక్కడ తీసుకున్నామో రాయని కాగితం మా వృత్తిలో కాగితం కాదు.

"నాన్నా, పక్క బ్లాక్ ఆంటీ వీడియో తీస్తోంది, చూడు" అని మా అమ్మాయి ఎగతాళి చేసింది. నేను పట్టించుకోలేదు.

మూడో వారం బుధవారం కడ్డీ మీద ఆయిల్ పెరిగి ఉంది. ఎవరూ పోయకుండా ఆయిల్ పెరగదు.

"నువ్వు పోశావా?" అన్నాను.

"నో నాన్నా. నేనెందుకు పోస్తాను? నీ ఎక్స్‌పెరిమెంట్ కదా."

"మళ్లీ దీపం వెలుగుతుందని భయపడి పోసి ఉంటావు."

"పొయ్యలేదు అన్నాను కదా!" అని తలుపు దభీమని వేసుకుని ఆఫీసుకు వెళ్లిపోయింది.

విశేషాల వరసలో ఒక వాక్యం రాసి, ఆ వారం కొలతను లెక్కలోంచి తీసేశాను. ఐదో వారం మరోసారి అలాగే పెరిగింది. ఆ పక్కన "మళ్లీ" అని రాసి దాన్నీ తీసేశాను.

ఐదు వారాలు నిండాక డైరీ పట్టుకుని ఇద్దరం వెళ్లాం. అడ్వైజర్ పేజీలు తిప్పుతూ వరసల మీద వేలు కిందికి జరిపాడు. ఒకచోట వేలు ఆగింది. ముఖం వెలిగిపోయింది.

"అంకుల్, ఇక్కడ ఆయిల్ పెరిగింది. ఇక్కడ కూడా. మీ కారు ఆయిల్ తాగడం లేదు అంకుల్, పాలిస్తోంది!" పక్క కౌంటర్ మనిషికి అదే ఇంగ్లీషులో చెప్పి ఇద్దరూ నవ్వుకున్నారు. "దీని పక్కన ఏటి రాశారు? నాకు తెలుగు చదవడం రాదులా. మా స్కూల్లో మలాయే. అక్కా, మీరు చదవండి."

"అది నీకు అక్కర్లేదు" అని చెయ్యి చాపాను. అప్పటికే మా అమ్మాయి డైరీ తన వైపు తిప్పుకుంది.

ఆమెకు ఏడేళ్లప్పుడు స్కూలు సెలవుల్లో అక్షరాలు నేర్పింది నేనే. వేరే పుస్తకాలు లేక నా పాత డైరీలే చదివించాను. ఇప్పటికీ నా చేతిరాత తప్ప వేరే తెలుగు ఆమెకు సరిగ్గా అందదు. నా రాత మాత్రం కూడబలుక్కుని చదువుతుంది.

"అమ్మాయి... చెప్ప...కుండా... పోసి ఉంటుంది" అని చదివింది. "అడిగితే... లేదని... అబ..."

అక్కడితో ఆగింది. మిగిలింది కళ్లతో చదివేసిందని నాకు తెలుసు. అడిగితే లేదని అబద్ధం చెప్పింది. నేను రాసిన వాక్యం అది.

అడ్వైజర్ నవ్వు ఆపాడు. కానీ నన్ను వదల్లేదు.

"అంకుల్, ఈ నంబరు కార్ పార్కు లాటేనా? ఏ కార్ పార్కు?" చెప్పాను. "ఓ, అది స్లోపు డెక్కు కదా! మా అక్క అదే బ్లాక్‌లో ఉంటాది. మీరు వాలు మీద పెట్టి కొలిచారా?" గొంతు తగ్గించి, అయినా అందరికీ వినపడేలా, "ఓడలు కొలిచానన్నారు కదా మీరు?" అన్నాడు.

ఓడ ఒక పక్కకు ఒరిగి ఉంటే ట్యాంకులో ఇంధనం ఆ పక్కకే చేరుతుంది. ఎంత ఒరిగిందో చూసి కొలతను సరిచేయాలి. మా పనిలో మొదటి రోజు నేర్పేది అదే. సరిచేయకుండా కొలత రాసిన కుర్ర సర్వేయర్లను నేను డెక్ మీద అందరి ముందూ తిట్టాను. ఒకడికి కళ్లనీళ్లు తిరిగాయి కూడా. నేలంటే కదలనిది, బల్లపరుపు అని డెబ్బై రెండేళ్లు వచ్చాక నమ్మేశాను.

తిరుగు దారిలో రెండో సిగ్నల్ దగ్గర మా అమ్మాయి మొదలుపెట్టింది.

"పొయ్యలేదని చెప్పాను నీకు."

"చెప్పావు."

"నువ్వు రాశావు. పెన్నుతో."

"డైరీ పెన్నుతోనే రాస్తారు" అన్నాను.

అనకూడని మాట అది. ఆమె యాక్సిలరేటర్ నొక్కింది. ఆ దిక్కుమాలిన ఇంజిన్ అరుచుకుంటూ ఇంటిదాకా వచ్చింది.

మరునాడు పొద్దున మా ఆవిడ అప్పడాల కర్ర పట్టుకుని కార్ పార్కుకు వెళ్లాను. నేల మీద పెట్టి వదిలితే తాపీగా దొర్లుకుంటూ వెళ్లి ఎవరిదో వ్యాన్ కింద దూరింది. కంటికి తెలియని వాలు. దారికి ఎడమ వరసలో పెడితే కారు ముక్కు పల్లానికి ఉంటుంది, ఆయిల్ ముందుకు చేరి కడ్డీకి ఎక్కువ అంటుతుంది. కుడి వరసలో ముక్కు మిట్టకు ఉంటుంది, తక్కువ అంటుతుంది. డైరీలో నంబర్లు చూశాను. ఆయిల్ పెరిగిన రెండు రోజులూ కారు ఎడమ వరసలో ఉంది. మిగతా అన్ని రోజులూ కుడి వరసలో.

నన్ను పట్టిచ్చింది లాట్ నంబర్ల వరసే. దిద్దడానికి పనికొచ్చేదీ అదే. నాలుగు రోజులు కష్టపడ్డాను. కారును ఎడమ వరసలో, కుడి వరసలో, కింద మట్టంగా ఉన్న, సామాన్లు దించే లోడింగ్ బేలో పెట్టించి కొలిచాను. పొద్దున్నే కారు అటూ ఇటూ జరపడానికి మా అమ్మాయి వచ్చేది. ముఖం చూసేది కాదు. "ఎటు?" అని మాత్రం అడిగేది. ఏ వరసకు ఎంత కలపాలో, ఎంత తీసేయాలో తేలాక పాత కొలతలన్నీ సరిచేశాను. అర లీటరుకు లోపలే తేలితే ఆ కౌంటర్ మనిషే గెలుస్తాడు. ప్రతి కూడికా రెండుసార్లు సరిచూసుకున్నాను.

వెయ్యి కిలోమీటర్లకు ముప్పావు లీటరు తేలింది. నేను తీసేసిన వారాలు కూడా కలిపితే లెక్క ఇంకా సరిగ్గా కుదిరింది.

పన్నెండు రోజులు మిగిలి ఉండగా మూడోసారి వెళ్లాం.

"డైరీ అఫీషియల్ కాదు అంకుల్. హెడ్ ఆఫీసు తీసుకోదు."

"తీసుకోవద్దు. నువ్వే కొలిచి చూడు. నువ్వు కొలవకుండా నార్మల్ అన్న రోజు కూడా ఇందులో ఉంది, నీ మాటలతో సహా. అది ఇంగ్లీషులో రాసి మీ హెడ్ ఆఫీసుకు పంపనా?"

అతని ముఖం మాడిపోయింది. పాత ఆయిల్ తీసి, కొత్త ఆయిల్ కొలిచి పోసి, మూతకూ కడ్డీకీ ఎర్ర రంగు పూసి సీలు వేశాడు. "వెయ్యి కిలోమీటర్లు దాటాక రండి. అంకుల్ ముట్టుకోకూడదు. రంగు పగిలితే టెస్టు క్యాన్సిల్" అని, నాకు కాదు, మా అమ్మాయికి చెప్పాడు.

ఆమె మలక్కా ప్రయాణం ఒకటి సరిపోదు. శనివారం కౌలాలంపూర్ దాకా వెళ్లి రావాలని తేలింది. దీపం వెలిగితే ఒంటరిగా ఉండకూడదని పక్క సీట్లో నేనూ ఎక్కాను. ఏడు వందల కిలోమీటర్లలో ఆమె నాతో పది మాటలు మాట్లాడి ఉండదు. ఆగిన ప్రతిచోటా నేను కిలోమీటర్లు రాసుకుంటుంటే, "ఆ బుక్ మూసెయ్ నాన్నా" అనేది. దారిలో ఒక రెస్ట్ స్టాప్‌లో నాకు టీ తెచ్చింది. కప్పు అందిస్తూ, "నేనే పోశాను. రాసుకో" అంది.

రాసుకోలేదు.

వర్క్‌షాప్‌లో మట్టమైన నేల మీద ఆయిల్ దించి కొలజాడీలో పోశాడు అడ్వైజర్. గీత దగ్గర కన్ను పెట్టి చూశాడు. వంగి మళ్లీ చూశాడు. మేం తిరిగిన దూరానికి దాదాపు లీటరు తగ్గింది.

"ఏటి అంకుల్... ఇది నార్మల్ కాదు."

అతను ఫారం నింపాడు. వారంటీ ఇంకా నాలుగు రోజులు ఉందనగా హెడ్ ఆఫీసు ఒప్పుకుంది. ఇంజిన్ విప్పి పిస్టన్లు, రింగులు మార్చారు. కారు తీసుకునే రోజు, "వాలు సంగతి నేనే కదా చెప్పాను అంకుల్, ఒక థ్యాంక్స్ లేదా?" అని నవ్వాడు.

"నువ్వు మొదటి రోజే కొలిచి ఉంటే వాలుతో పనే లేదు" అని బయటికి వచ్చేశాను. అయితే వాలు సంగతి అతను చెప్పిందే నిజమని ఆ రోజు పేజీలో రాశాను. దాన్ని అతనికి చూపించే ఉద్దేశం నాకు లేదు.

ఇంటికి వచ్చాక మా అమ్మాయి డైరీ అడిగింది. ఆ పేజీ తీసి ఇచ్చాను. ఆమె గురించి రాసిన వాక్యం మీద అప్పటికే ఒక గీత కొట్టి పక్కన పొడి సంతకం పెట్టి ఉంచాను.

"ఒక్క గీతే కొట్టావు. ఇంకా చదవొచ్చు."

"లాగ్‌బుక్‌లో తప్పు అలాగే దిద్దాలి. చెరపకూడదు. ముందు ఏం రాశామో కనబడాలి."

"తెలుసు. అదే ప్రాబ్లమ్."

నా చేతిలోంచి పెన్ను లాక్కుంది. కొట్టేసిన వాక్యం కింద, విశేషాల వరస పట్టనంత పెద్ద అక్షరాలతో, ఆగి ఆగి రాసింది. "నేను పొయలేదు." పక్కన నా లాగే పొడి సంతకం పెట్టి, పుస్తకం బల్ల మీద పడేసి తన గదిలోకి వెళ్లిపోయింది.

"య"కు వత్తు ఇవ్వలేదు. దిద్దడానికి పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా. మూత పెట్టేశాను.