పద్మినిలో ముందు సీటు

మా నాయిన పద్మిని కారును ట్యాక్సీగా నడిపినన్నాళ్లూ అమ్మ అందులో వెనక సీట్లోనే కూర్చుంది. అదీ తలుపు పక్కన, దిగడానికి తయారుగా. ముంబయి కామాటిపురలో మేముండే వరస గదుల పాత భవనం, మా చాల్ ముందు ఆమెను ఎక్కించుకుని ఆసుపత్రికనో, చుట్టాల ఇంటికనో బయలుదేరేవాడు. దారిలో ఎవరో చెయ్యి ఊపేవారు. నాయిన బండి పక్కకు తీసేవాడు. అమ్మ సంచీ చంకన పెట్టుకుని దిగిపోయి బస్సు కోసం నిలబడేది. ముందు సీట్లో ఆడమనిషి కనబడితే ఇంటి బండి అనుకుని సవారీలు చెయ్యి ఎత్తరని ఆయన లెక్క. సవారీని వదులుకుంటే ఇల్లు గడవదని ఇద్దరికీ తెలుసు కాబట్టి దీని మీద మా ఇంట్లో ఎన్నడూ గొడవ జరగలేదు. “మొగుని ట్యాక్సీ ఎక్కి ఎన్నడన్న ఇల్లు చేరినవా అమ్మా?” అని నేను ఆటపట్టిస్తే, “సగం దూరం పుక్కట్ల పోయిన గద” అనేది.

తర్వాత ఆ పద్మినికి వయసు మీరిందన్నారు. నలుపూ పసుపూ రంగులతోనే అది తుక్కుకు వెళ్లిపోయింది. నాయిన ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడన్నమాటే గానీ, టీవీ చూస్తున్నప్పుడు కూడా ఆయన ఎడమ చెయ్యి గాల్లో గేరు మారుస్తూనే ఉండేది. పద్మినికి గేరు కింద కాదు, స్టీరింగ్ మెడ దగ్గర ఉంటుంది. అందుకని చూసేవాళ్లకు ఆయన ఎవరినో దగ్గరికి రమ్మని పిలుస్తున్నట్టు ఉండేది. పక్క ఖోలీ గదిలో ఉండే ఆవిడ రెండు మూడుసార్లు లేచి వచ్చింది కూడా.

ఒక ఆదివారం ఆయన గోడ వైపు చూస్తూ నాతో అన్నాడు.

“బిడ్డా, ఒక పద్మిని కొనాలె. ట్యాక్సీ గాదు, ఇంటి బండి. మీ అమ్మను ముందల కూసోబెట్టి తిప్పాలె. ఎవ్వడు చెయ్యి ఊపినా ఆపొద్దు.”

నాకు ఏడుపొచ్చేలా ఉంది. మా ఇంట్లో ఒకరికి ఏడుపొస్తే ఇంకొకరు వెంటనే వెక్కిరించి దారిలో పెట్టాలి. ఇంకొకరు ఎవరూ దగ్గర లేకపోవడంతో ఆ పని నేనే చేసుకున్నాను. “కొని ఎక్కడ పెడ్తవ్ నాయినా, మంచం కిందనా?” అన్నాను.

ఆయన అప్పటికే ఫోన్లో పాత కార్ల ప్రకటనలు వెతకడం నేర్చుకున్నాడు. మార్కెట్లో వంకాయను అటూ ఇటూ తిప్పి, తొడిమ గిల్లి, మొహం చిట్లించి మళ్లీ బుట్టలో పడేసే మనిషి, బొమ్మ చూసి కారు కొనడానికి సిద్ధపడ్డాడు. నేను ఫోర్టు ఏరియాలో ఒక ఆఫీసులో పని చేస్తాను కాబట్టి ఇంట్లో లోకజ్ఞానం నా వాటా. కంటితో చూడని బండికి పైసా ఇవ్వొద్దని, అసలు కాగితాలు చేతిలోకి తీసుకుని ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు కలుస్తున్నాయో లేదో చూడాలని, మరీ చవకంటే అనుమానించాలని, తొందరపెడితే ఫోన్ పెట్టేయాలని చెప్పాను. మనకు డబ్బు వాపసు వచ్చేటప్పుడు ఫోన్లో పిన్ను కొట్టాల్సిన పనే లేదని మాత్రం విడిగా, గట్టిగా చెప్పాను. నాయిన ప్రతిదానికీ “బర్రోబర్, సరే సరే” అన్నాడు. ఆయన బర్రోబర్ అంటే వినలేదని అర్థం.

చివరికి ఒక బండి ఆయన మనసు దోచింది. మీగడ రంగు. మెరిసే బంపరు. ధర చూస్తే దాంట్లో నాలుగు టైర్లు కూడా రావు. నంబరు ప్లేటు మీద బంతిపూల దండ వేలాడుతోంది, సరిగ్గా నంబర్లు కనబడకుండా. బండి పూణెలో ఉందని రాశారు గానీ ఫొటోలో వెనకాల మంచుకొండలు ఉన్నాయి.

“పూణెల మంచు ఎప్పటి సంది పడుతుంది నాయినా?”

“ఆయన మిలిటరీ ఆఫీసరు. కంటోన్మెంట్ల ఏమేం ఉంటయో మనకేమెరుక?” అన్నాడు నాయిన, చాలా గౌరవంగా.

నాయిన మెసేజీ పెడితే ఆ ఆఫీసరు అదే మధ్యాహ్నం ఫోన్ చేశాడు. మొదట హిందీలో మాట్లాడాడు. బదిలీ అయిందట, తొందరగా వెళ్లిపోవాలట, బండిని మిలిటరీ లారీలోనే మా గల్లీకి పంపిస్తాడట. ఇప్పుడు టోకెన్ వేస్తే చాలు, మిగతాది బండి చూశాకే. నచ్చకపోతే వాపస్. ఇంతలో నాయిన ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, “ఓయ్, నా కండ్లద్దాలు ఏడున్నయే?” అని అమ్మను కేకేశాడు. అవతలివాడి భాష క్షణంలో మారిపోయింది.

“మీరు తెలుగువాళ్లా అండి? అయ్యో, మనవాళ్లే!”

అంతే. నేను చెప్పినవన్నీ గంగలో కలిశాయి. ముంబయిలో పుట్టి, హిందీలో బేరమాడి, మరాఠీలో పోట్లాడే మా చాల్ జనానికి ఫోన్లో తెలుగు వినబడితే మనిషి కళ్ల ముందు కూర్చున్నట్టే. “మనోడే బిడ్డా,” అన్నాడు నాయిన, నా వైపు గెలిచినట్టు చూసి. వాడు పంపిన క్యూఆర్ కోడ్, ఆ చదరపు గళ్ల బొమ్మ, అప్పటికే ఫోన్లోకి వచ్చేసింది. దాన్ని తెరిచి పిన్ను కొడితే టోకెన్ వెళ్లిపోతుంది. నేను వద్దు వద్దంటున్నాను. ఆయన నుదుటి మీద ఉన్న కళ్లద్దాలను ఇల్లంతా వెతుకుతున్నాడు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఫోన్ తీసుకుంది, ఎందుకంటే మనోడు అన్న మాట ఆమె చెవిన పడింది.

మా అమ్మకు ఒక అలవాటుంది. ఎవరు తెలుగు మాట్లాడినా ఏ ఊరు, ఎవరింటి వాళ్లు అని అడగకుండా వదలదు. లోను కావాలా అని ఫోన్ చేసిన ఎవరో పిల్లను కూడా తవ్వి తవ్వి, చివరికి ఆ పిల్లకు సంబంధాలు చూస్తానని మాటిచ్చింది. ఆమె పుట్టింది కామాటిపురలోనే. మా పెద్దలు వదిలి వచ్చిన పాలమూరు వైపు ఊరు ఆమె చూసింది తక్కువ, అడిగింది ఎక్కువ.

“మాది పాలమూరు దిక్కు. మీది ఏ ఊరు నాయినా?” అంది, స్పీకరు పెట్టించి.

“మాది కూడా అటువైపే అమ్మా.”

“అటు అంటె? నారాయణపేట దిక్కా, మక్తల్ దిక్కా?”

“రెండింటికీ మధ్యలో అమ్మా.”

“ఇంటిపేరు?”

వాడు తిరిగి అడిగాడు, “మీ ఇంటిపేరు ఏంటమ్మా?”

అమ్మ తన పుట్టింటి పేరు చెప్పింది. వాడు, “అరె, మాదీ అదే!” అన్నాడు.

వాడు చేసిన తప్పు అదే. అమ్మ మంచం మీద కూలబడింది. “ఇంటిపేరు ఒక్కటైతే నువ్వు నాకు తమ్మునివే,” అంది. అమ్మకు ఉన్న ఒక్క తమ్ముడు చిన్నప్పుడే పోయాడు. అమ్మమ్మ కూడా పోయాక ఆమెకు ఒడిబియ్యం పోసేవాళ్లు లేరు. పెళ్లైన ఆడపిల్ల ఒడిలో పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, కొత్త చీర పోసే ఆ పండుగ మా చాల్‌లో ఎవరింట జరిగినా అమ్మ వెళ్లి అన్ని పనులూ చేసి, అక్షింతల వేళకు మాత్రం పొయ్యి దగ్గర ఏదో ఉన్నట్టు ఇంటికి వచ్చేసేది. ఎందుకో మాకందరికీ తెలుసు. ఎవరమూ అడిగేవాళ్లం కాదు.

“టోకెన్ వేసేయండి అక్కా,” అన్నాడు కొత్త తమ్ముడు, చాలా ప్రేమగా.

“తమ్మునికి బయానా ఇచ్చుడేంది? నలుగురు నవ్వుతరు. బండి తీస్కొని నువ్వే రా. అక్క ఇంట్ల అన్నం తిను. నాకు ఒడిబియ్యం పొయ్యి. గప్పుడు మీ బావ మొత్తం పైసలు నీ చేతుల పెడ్తడు.”

“తప్పకుండా పోస్తానక్కా. ముందు టోకెన్...”

“ముందు ఒడిబియ్యం.”

నాయిన నోరు తెరవబోయాడు. “మా తమ్మునికి, నాకు నడుమ నువ్వు రాకు,” అని అమ్మ ఫోనును కొంగులో ముడేసుకుంది. ఆయన టోకెన్ అలా కొంగులోనే ఉండిపోయింది. నేనెంత చెప్పినా ఆగని మనిషి, బావమరిది మర్యాదకు ఆగాడు.

మర్నాడు వాడు మళ్లీ చేశాడు. ఇంకో గిరాకీ వచ్చాడని, బండి చెయ్యి దాటిపోతుందని తొందరపెట్టాడు. అమ్మ చీర రంగు గురించి మాట్లాడింది. ఎరుపు తనకు నప్పదట, ఆకుపచ్చ తెమ్మంది. టోకెన్ లేనిదే బండి కదలదని, రూల్స్ అని వాడు అన్నాడు. ఆమె కుడకలు మంచివి ఏ దుకాణంలో దొరుకుతాయో చెప్పింది. వరండాలో చాల్ ఆడవాళ్లంతా చేరి, తలా ఒక మాట అందిస్తున్నారు. చివరికి వాడికి ఓపిక చచ్చిపోయింది. హిందీలో ఒక బూతు, ఆ వెంటనే ఇంకొకటి వదిలి, ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే కలవలేదు.

నేను నా ఫోన్లో ఆ ఫొటో పెట్టి వెతికాను. అదే మీగడ రంగు బండి, అదే బంతిపూల దండ, అవే కొండలు. జైపూర్లో ఒక డాక్టరుదట, కొచ్చిలో ఒక ప్రొఫెసరుదట. అందరికీ బదిలీలే. అమ్మకు చూపించాను. ఆమె చూసి ఫోన్ నా చేతికి తిరిగి ఇచ్చేసింది.

“అయితే తమ్ముడు గాదు,” అంది.

ఆ రోజు నాయిన, “మీ తమ్ముడు ఆకుపచ్చ చీర కొన్నడో లేదో,” అని ఒక్కసారి వెక్కిరించాడు. మామూలుగా అమ్మ దానికి రెండింతలు తిరిగి ఇచ్చేది. ఆమె బియ్యం కడుగుతూనే ఉంది. నాయిన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మా సొమ్ము ఒక్క పైసా పోలేదని చాల్ అంతా మెచ్చుకుంది. కానీ ఆ తర్వాత అమ్మ ఎవరినీ ఏ ఊరని అడగడం మానేసింది. కూరగాయలాయన కొడుకు కొత్తగా ఊరినుంచి వస్తే టమాటాలు తూయించుకుని వచ్చేసింది. ఆ అలవాటుతో నేను ఎంత విసుగుపడ్డానో, అది పోయాక ఇల్లు అంత బోసిగా తోచింది. కారు మాట ఎత్తితే, “నాకే గాడీ వద్దు. బస్సులు ఉన్నయి,” అనేది.

నాయిన ఈసారి ఫోను పక్కన పెట్టి, తన పాత గ్యారేజీలో నోరు తెరిచి అడిగాడు. వర్లిలో మిల్లు చాల్‌లో ఉండే ఒక తెలుగు పెద్దాయన దగ్గర పద్మిని ఉందని, చూపు మందగించి అమ్మేస్తున్నాడని తెలిసింది. చివరికి మేం కొన్నది అదే. అది కూడా మీగడ రంగే గానీ ఫొటోలో దానిలా మెరవదు, ఒక చెంప సొట్ట.

“మీరు పోయి చూడుండ్రి, నాకెందుకు?” అంది అమ్మ.

“నువ్వు రాకుంటె నేను ఎవరి కోసం కొంటున్ననే?” అన్నాడు నాయిన. అంత సూటిగా ఆయన ఆమెతో మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. అమ్మ చెప్పులు వేసుకుంది.

వర్లిలో నాయిన వంకాయల మనిషి అయిపోయాడు. బానెట్ ఎత్తించాడు, కింద పడుకుని చూశాడు, బండిలో కాళ్ల కింది చాపలెత్తి తుప్పు గోకాడు. నంబర్లు కాగితాలతో కలిపి చదివింది నేను. రిజిస్ట్రేషన్ మా పేరు మీదికి మారాకే డబ్బని నాయిన అంటే, పెద్దాయన, “గట్లనే చెయ్యాలె,” అన్నాడు. ఆయన మాటల్లో పాలమూరు యాస కారుతోంది. ఆయన భార్య చాయ్ ఇచ్చింది. నేను అమ్మ వైపు చూశాను, ఇప్పుడన్నా అడుగుతుందేమోనని. అమ్మ కప్పులోకి చూస్తూ తాగేసింది.

నడిపి చూడమని పెద్దాయన తాళం ఇచ్చాడు. అమ్మ అలవాటుగా వెనక తలుపు తెరవబోతే నాయిన చుట్టూ తిరిగి వచ్చి ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆమె మా వైపు చూసి, సిగ్గుపడి, ఎక్కింది. వెనక నేనూ, పెద్దాయనా కూర్చున్నాం. సముద్రం పక్క రోడ్డు మీదికి వచ్చేసరికి నాయిన భుజాలు వదులయ్యాయి. ఎడమ చెయ్యి గేరు దగ్గరికి పోయింది. ఈసారి అక్కడ గేరు ఉంది.

బస్టాపు దగ్గర సంచులతో నిలబడ్డ ఒక ముసలావిడ, ఈ ఆకారం బండి కనబడితే ట్యాక్సీయే అన్న పాత నమ్మకంతో చెయ్యి ఊపింది. బండి కొంచెం నెమ్మదించింది. నాయిన కాలు యాక్సిలరేటరు మీంచి దానంతట అదే లేచి ఉంటుంది. అమ్మ ఒక చేత్తో కుచ్చిళ్లు పట్టుకుంది. రెండో చెయ్యి తలుపు హ్యాండిల్ మీద పడింది.

నాయిన అది చూశాడు.

“కూసో,” అన్నాడు. “నువ్వు కూసో.”

బండి బస్టాపు దాటిపోయింది. నాకు ఏడుపొచ్చింది. వెక్కిరించడానికి ఈసారి ఒక్క మాట కూడా దొరకలేదు. అమ్మ హ్యాండిల్ మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. కొంతదూరం అద్దంలోంచి సముద్రాన్ని చూస్తూ వచ్చింది. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగింది.

“అన్నా, మీది ఏ ఊరు?”

“మాదా? నారాయణపేట అవతల, చెల్లే.”

“అవతల అంటె ఏ దిక్కు? సక్కగ చెప్పు,” అంది అమ్మ.