ఒరీసియా వేసిన మార్కులు

ఒరీసియా డెమ్‌చుక్ మా బడిలో ఇరవై రెండేళ్లు ఆరో తరగతి చెప్పింది. ఆమె గదిలో వెనక అలమారాలో నాలుగు లావుపాటి ఫైళ్లుండేవి. లెక్కలు, సైన్సు, సోషల్, భాష, ఒక్కోదానికి ఒకటి. పిల్లలకు ఏది వచ్చిందో, ఏది రాలేదో తేల్చే పరీక్ష కాగితాలన్నీ తన చేత్తో తయారుచేసినవే. కెనడాలోని మానిటోబాలో మా చుట్టుపక్కల ఊళ్ల టీచర్లు మంచులో కారేసుకుని వచ్చి మరీ వాటిని అడిగి పట్టుకెళ్లేవారు. "మూలలు మడవకండి" అని చెప్పి ఇచ్చేది. అలా ఇవ్వడంలో ఆమెకెంత సుఖముండేదో పక్క గదిలో సోషల్ చెప్పే నాకు బాగా తెలుసు.

తరువాత మా ప్రాంతపు బడులన్నిటికీ కలిపి ఆన్‌లైన్‌లో ఒక సైటు పెట్టారు. ఏ టీచరైనా తన కాగితాలు అందులో పెట్టవచ్చు, కావలసినవి దించుకోవచ్చు. ఎన్నిసార్లు దించుకున్నారో కింద అంకె కనబడుతుంది. ఒరీసియా వేసవి సెలవులంతా కూర్చుని ఫైళ్లన్నీ స్కాన్ చేసి పెట్టింది. క్రిస్మస్ నాటికి ఆమె కాగితాల్లో ఎక్కువగా పోయినదాని కింద అంకె నలభై ఒకటి. మా బడిలోనే ఐదో తరగతి చెప్పే జనెల్ ఫోంటేన్ ఒకే ఒక్క కాగితం పెట్టింది. దాని కింద మూడు వేల పైచిలుకు.

జనెల్ ఎనిమిదేళ్ల కిందట ట్రైనింగ్ చేసింది ఒరీసియా దగ్గరే.

"చూశావా బెవ్, మన పిల్ల మహారాణి అయిపోయింది," అంది ఒరీసియా స్టాఫ్ రూములో, సూప్ గిన్నె మూత తీస్తూ.

"నీ దగ్గర నేర్చుకున్నదేగా. నీకూ పేరే."

"నా దగ్గర ఏం నేర్చుకుందట? ఒక్క కాగితం, అందులో ఒక్క ప్రశ్న. దానికే అందరూ ఎగబడుతున్నారు. నావి రెండువందల నలభై ఉన్నాయి, కన్నెత్తి చూసిన వాళ్లు లేరు."

ఆ ఒక్క ప్రశ్న ఇది. కాగితం మీద ఒక తప్పు జవాబు ముందే రాసి ఉంటుంది. మీ స్నేహితుడు ఏమనుకుని ఇలా రాసి ఉంటాడో చెప్పమంటుంది. లెక్కలకూ పనికొస్తుంది, సైన్సుకూ, మ్యాపులకూ పనికొస్తుంది. నా తరగతిలో నేనూ వాడాను. ఆ సంగతి ఒరీసియాకు చెప్పలేదు.

జనవరిలో సైటులో ఉన్నవాటిని వడగట్టడానికి ఆరుగురు టీచర్లతో ఒక కమిటీ వేశారు. అందులో ఒరీసియా ఉంది, నేనూ ఉన్నాను. తయారుచేసిన వాళ్ల పేర్లు తీసేసి, నంబర్లు వేసి ఇచ్చారు. ఒక్కో కాగితాన్ని ఇద్దరు చూడాలి. ముందు సొంత తరగతిలో పిల్లల చేత రాయించాలి. అది కొలుస్తానన్నదాన్నే కొలుస్తోందా, వేరే సబ్జెక్టులకు సరిపోతుందా, అందరు పిల్లలకూ అందుతుందా అని చూసి పదహారుకు మార్కులు వెయ్యాలి.

ఇరవై ఏడో నంబరు ఒరీసియాకు వచ్చింది. చూడగానే అది జనెల్‌దని ఆమెకు తెలిసిపోయింది. తెలిసినవాళ్లదైతే వెనక్కిచ్చెయ్యాలని నియమం. ఇవ్వలేదు. పిల్లల చేత రాయించనూ లేదు. రాయించానని గళ్లలో టిక్కు పెట్టి ఐదు మార్కులు వేసింది. "చదవడంలో వెనకబడిన పిల్లలకు ఇది అందదు" అని కింద రాసింది.

అదే కాగితానికి పక్క ఊరి సైన్సు టీచరు వెండెల్ పదిహేను వేశాడు. తేడా అంతుంటే ఇద్దరూ శుక్రవారం పిల్లల కాగితాలు పట్టుకు రావాలని కబురొచ్చింది.

అప్పుడు ఒరీసియా బుధవారంనాడు నిజంగానే రాయించింది. పిల్లలు తెల్లమొహాలు వెయ్యాలని కోరుకుంటూ రాయించింది. సాయంత్రం నా గదికి వచ్చి ఒక కాగితం నా బల్ల మీద పడేసింది. రాసినది కెండ్రా, లెక్కల్లో ఏడాది పొడుగునా తప్పుతున్న పిల్ల. ఒక నాల్గోవంతుకు రెండు నాల్గోవంతులు కలిపితే మూడు ఎనిమిదోవంతులు అని రాసిన స్నేహితుడి గురించి ఇలా రాసింది:

"పైవి కలిపినట్టే కిందవీ కలిపేశాడు. నేనూ ఇన్నాళ్లూ అలాగే చేశాను. కింద ఉన్న అంకె కూడా ముక్కల లెక్కే అనుకున్నాను. అది ముక్క సైజు అని ఇది రాస్తుంటే తెలిసింది."

"బాగుంది కదా," అన్నాను.

"బాగుందనే నా ఏడుపు," అంది ఒరీసియా. "ఆ పిల్లకు ఏడు పరీక్షలు పెట్టాను బెవ్. ఏడింటిలోనూ సున్నాలు చుట్టాను. ఎందుకు తప్పుతోందో ఒక్కదానిలో కూడా తెలియలేదు. నిన్నగాక మొన్న వచ్చిన దానికి తట్టింది, నాకెందుకు తట్టలేదు?"

శుక్రవారం మీటింగులో ఆమె తొమ్మిది కాగితాలు బల్ల మీద పెట్టింది. తొమ్మిదీ ఖాళీ.

వెండెల్ తిరగేసి చూశాడు. "మీ క్లాసులో ఎంతమంది?"

"ఇరవై నలుగురు."

"మిగతావి?"

ఆమె మెడ మీద ఎర్రటి మచ్చలు లేచాయి. తరువాత సంచిలోంచి ఇంకో కట్ట తీసి అతని ముందుకు తోసింది.

"ఇవిగో. మార్కులు వేసేనాటికి నేను రాయించలేదు. ఇది ఎవరిదో కూడా నాకు తెలుసు. ఓర్వలేక వేశాను ఆ ఐదు."

కమిటీ నడిపే గిస్లేన్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "కమిటీలోంచి తప్పుకోవాలి ఒరీసియా. మరో మార్గం లేదు."

"తెలుసు," అని కోటు వేసుకుంది.

ఆమె వెళ్లాక వెండెల్ ఆ తొమ్మిది ఖాళీ కాగితాలనూ మళ్లీ చూశాడు. ఎవరివని నన్నడిగితే పేర్లు చూసి చెప్పాను. తొమ్మిది మందీ చదవడంలో వెనకబడినవాళ్లే. కుళ్లుతో రాసిన మాటే అయినా అది నిజమైంది. ప్రశ్నను చదివి వినిపించే ఏర్పాటు ఉండాలని కమిటీ రాసి, ఆ కాగితాన్ని సైటులో మొదటి వరసలో పెట్టింది.

మా ఊళ్లో ఏ మాటా దాగదు. సోమవారానికే జనెల్‌కు తెలిసింది. ఒరీసియా తనే ఆమె గదికి వెళ్లి చెప్పబోయింది.

"నాకు చెప్పక్కర్లేదు," అంది జనెల్. "నాకు మొదటిసారి క్లాసు అప్పజెప్పింది నువ్వు. నువ్వు బాగుందన్నావని ఎవరైనా చెబుతారేమోనని ఎదురుచూశాను, తెలుసా?"

రెండు నెలలు ఇద్దరూ వేరు వేరు బల్లల దగ్గర తిన్నారు. ఏప్రిల్‌లో మంచు కరుగుతున్నప్పుడు జనెల్ వచ్చి, నా కాగితంలో ప్రశ్నను చదివి రికార్డు చెయ్యాలి, నీ గొంతైతే పిల్లలకు స్పష్టంగా వినబడుతుంది అంది. మొహంలో నవ్వు లేదు. ఒరీసియా కుదరదంది. మర్నాడు తనే వెళ్లి చదివింది. ఇప్పుడు మా చుట్టుపక్కల బడులన్నిటిలో పిల్లలు ఆ గొంతు వింటూ రాస్తున్నారు.

"నా చేత చదివించుకుని పేరు మాత్రం దానిదే వేసుకుంది, చూశావా," అంది నాతో జూన్‌లో.

"నీ పేరు కూడా వెయ్యమని అడగకపోయావా?"

"వేస్తానని అదే అడిగింది. నేనే వద్దన్నాను," అని మొహం పక్కకు తిప్పుకుంది.