రెండు తీగల మధ్య బాబాయి

"మీ బాబాయి పోనారురా," అంది పిన్ని ఫోన్‌లో. పొద్దున్నే టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకున్నాడట. మళ్లీ లేవలేదు.

ఆయనకూ నాకూ రక్తసంబంధం లేదు. బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో వాళ్ల ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. మా తాతా, ఆయన తండ్రీ శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడి రైల్వే వర్క్‌షాపులో చేరినవాళ్లు. బాబాయి మాత్రం రైల్వేలోనే టెలికాం విభాగంలో పడ్డాడు. ఎనభైల్లో స్తంభాల మీద ఫోను తీగలు లాగాడు. తొంభైల్లో బల్లల కింద కంప్యూటర్ తీగలు లాగాడు. రిటైరయ్యాక ఆ ఊళ్లోనే సుభాష్‌పల్లిలో ఇల్లు కట్టుకున్నారు.

తీగ పైతోలు పళ్లతో ఒలిచేవాడు. పనిముట్టు చేతిలోనే ఉండేది, అయినా పళ్లే. "రేపు ఆ పళ్లూడిపోతే ఏటి సేస్తారు?" అని పిన్ని తిట్టేది. "నీ పళ్లున్నాయి కదేటి, ఒలిసెట్టు," అనేవాడు. ఏ యంత్రాన్ని ముట్టుకున్నా ముందు వేలితో తాకి కళ్లకద్దుకునేవాడు. ఊళ్లోని ఇందా బజారులో కొన్న గోడగడియారానికి కూడా అదే మర్యాద.

ఇక ఆయన నిలబెట్టిన ఒక కంప్యూటర్ సంగతి. అది తొంభైల చివరి మాట. రైళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకునే కంట్రోల్ ఆఫీసులో కొన్ని కంప్యూటర్లు ఉండేవి. వాటిని నల్లటి గుండ్రటి కేబుల్ కలిపేది. జనానికి కబురు చెప్పే ఎంక్వయిరీలో మరికొన్ని ఉండేవి. వాటిది కొత్త రకం కేబుల్. అవి వేరు, ఇవి వేరు, ఒకదాని మాట ఒకదానికి చేరదు. రెంటినీ కలపడానికి మధ్యలో ఒక పాత కంప్యూటర్‌ను గేట్‌వేగా నిలబెట్టమని బాబాయికి చెప్పారు. అందులో తీగలు తగిలించే కార్డులు రెండుండాలి, ఒక్కో కార్డుకు ఒక్కో రకం తీగ.

ఆయన నేరుగా ప్రేమ్ బజార్‌కు సైకిలెక్కాడు. అక్కడి హోటల్లో మన ఆంధ్ర నుంచి ఇంజినీరింగ్ చదువుకోవడానికొచ్చిన కుర్రాళ్లు టీ తాగుతూ ఉంటారు. టీలో వేలు ముంచి బల్ల మీద బొమ్మ గీశాడు. "రెండు కార్డులు పెడితే సరిపోదు బాబాయ్," అన్నాడు వాళ్లలో ఒకడు. "ఒకవైపు వచ్చింది రెండోవైపు పంపించమని దానికి చెప్పాలి. చెప్పకపోతే అన్నీ విని ఊరుకుంటుంది."

"మా ఆవిడికి ఆ గుణముంటే బాగుణ్ణు," అన్నాడు బాబాయి. కుర్రాళ్లు నవ్వారు. ఆ కుర్రాడి మాట మాత్రం ఆయన మరిచిపోలేదు. నేనప్పటికి ఒక పత్రికలో విలేకరిని. ఆ సాయంత్రం నాతో అన్నాడు: "ఇటు మాట అటు సెప్పాలి, అటు మాట ఇటు సెప్పాలి. మజ్జిలో తన మాట కలపకూడదు. నీ ఉజ్జోగం కూడా ఇదేరా." తర్వాత ఎందరో సంపాదకుల కింద పనిచేశాను. నా పని గురించి ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

పని సగంలో ఉండగా విశ్వకర్మ పూజ వచ్చింది. ఖరగ్‌పూర్‌లో ఆ రోజు పనిముట్టు కదలదు. లేతు మిషన్ నుంచి సుత్తి దాకా అన్నింటికీ దండలు, బొట్లు. ఇంటివాళ్లను లోపలికి రానిస్తారు. పిన్ని సిందూరం నువ్వులనూనెతో కలిపి తెచ్చింది. గేట్‌వే పెట్టె ఎంక్వయిరీ గదిలో బల్ల మీద వీపు ఇటు తిప్పి ఉంది. ఎంక్వయిరీ వైపు కేబుల్ అప్పటికే పెట్టేశారు. కంట్రోల్ వైపు కేబుల్ ఇంకా పెట్టలేదు, ఆ కార్డు తాలూకు గుండ్రటి లోహపు మూతి తెరిచే ఉంది.

"దీనికి నుదురెక్కడండీ?" అని అడిగింది పిన్ని.

"అదే, గుండ్రంగా మెరుస్తున్నాది సూడు," అన్నాడు బాబాయి.

ఆమె వేలు నిండా సిందూరం తీసి అక్కడ పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. నాకూ అది నుదురులాగే కనిపించింది.

పండగ సెలవుల్లో ఆ పని సగంలోనే ఆగిపోయింది. దసరా పూజలవగానే పిన్ని శ్రీకాకుళంలోని పుట్టింటికి వెళ్లింది. తిరిగి రైలెక్కాననీ, మరునాటికి ఇంట్లో ఉంటాననీ కబురు చేసింది. ఆ రాత్రే ఒడిశా తీరాన్ని తుఫాను కొట్టింది.

తెల్లారేసరికి దక్షిణం వైపు లైను లేదు. ఫోన్లు లేవు. రైళ్లు ఎక్కడ ఆగాయో, అసలు పట్టాల మీద ఉన్నాయో లేవో తెలియదు. వార్త కోసం నేను ఎంక్వయిరీకి వెళ్లాను. సగం రైల్వే కాలనీ అక్కడే ఉంది. కొన్ని స్టేషన్ల నుంచి వైర్‌లెస్‌లో వచ్చే కబుర్లు కంట్రోల్‌లో టైపు చేస్తున్నారు. అక్కడి ఫోను ఎవరూ ఎత్తడం లేదు, ఎత్తే తీరిక లేదు. కిటికీలో కూర్చునే ఎంక్వయిరీ బాబు పరుగెత్తి వెళ్లి ఒక కాగితం తెచ్చి చదివేవాడు. చదివేలోపు అది పాతబడేది.

"పొద్దున్న సెప్పిందే మళ్లీ సెప్తావేటి దాదా?" ఒక ముసలామె కిటికీ ఊచలు పట్టుకుని అరిచింది. "నా కోడలు నెలలు నిండిన మడిసి. ఉన్నాదా, లేదా? అదొక్కటే సెప్పు!"

ఎంక్వయిరీలోని ఆ బెంగాలీ బాబు కళ్లు తుడుచుకున్నాడు. చదివి చదివి గొంతు పోయింది. వెనక్కి తిరిగి, "దాదా, కిఛూ ఏక్‌టా కొరున్," అన్నాడు. అన్నా, ఏదో ఒకటి చెయ్యండని. ఆ మాట బాబాయితో. ఆయన అప్పటికే గేట్‌వే పెట్టెను కిందికి దించుకుని నేల మీద కూర్చున్నాడు. పిన్ని కూడా ఆ దారిలోనే రైల్లో ఉందని ఎంక్వయిరీ బాబుకు తెలియదు. బాబాయి చెప్పలేదు.

నల్ల కేబుల్ తగిలించాడు. ఎంక్వయిరీ వైపు నుంచి జవాబు వచ్చింది. కంట్రోల్ వైపు నుంచి రాలేదు. కేబుల్ మార్చాడు. చివర బిగించే మూతలు మార్చాడు. పెట్టె ఆపి మళ్లీ వేశాడు. రాలేదు. బయట ఎవరో ఏడుపు ఎత్తుకున్నారు. "పాడు ముండా, మాటాడవేటే," అన్నాడు పెట్టెతో. ఏ యంత్రాన్నీ ఆయన అంతకుముందు తిట్టలేదు.

కేబుల్ మళ్లీ ఊడదీసి, దాని కొసను వెలుతురులో పట్టుకున్నాడు. కొసన ఎర్రగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నువ్వులనూని," అన్నాడు. సిందూరం నూనెతో కలిసి మూతి లోపలికి దిగి, దుమ్ము పట్టి జిగురులా పేరుకుంది. తీగకూ తీగకూ మధ్య అదే అడ్డం.

స్పిరిట్ సీసా పక్కనే ఉంది. గుడ్డ చేతిలోనే ఉంది. ఆయన తుడవలేదు.

"బాబాయీ," అన్నాను.

"మీ పిన్ని తన సేత్తో ఎట్టిందిరా," అన్నాడు. "అది ఎక్కడున్నాదో తెలవదు. ఇయ్యాళ దీన్ని నాను తుడుస్తానా?"

కిటికీ దగ్గర ఆ ముసలామె ఇంకా అడుగుతూనే ఉంది. ఉన్నాదా, లేదా. బాబాయి ఆమె వైపు చూశాడు. గుడ్డ స్పిరిట్‌లో ముంచాడు. ఒక్కసారి కళ్లు మూసుకుని, తెరిచి, తుడిచాడు. ఎర్రదనం పోయేదాకా, మూతి లోపల కూడా. కేబుల్ బిగించాడు.

తెర మీద వరసలు రావడం మొదలైంది. రైలు పేరు, ఆగిన స్టేషను, లోపలి వాళ్ల పరిస్థితి. బెంగాలీ బాబుకు గొంతు లేదు కనుక బాబాయే కిటికీ దగ్గర నిలబడి చదివాడు. తెలుగులో, బంగ్లాలో, హిందీలో. ముసలామె కోడలి బండి ఒక చిన్న స్టేషన్లో ఆగి ఉంది, అందరూ క్షేమం. ఆమె అక్కడే కూలబడింది. మరో బండికి మంచి కబురు రాలేదు. అదీ చదివాడు, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తగ్గించకుండా.

పిన్ని ఎక్కిన బండికి ఎదురుగా ఖాళీ. కింద కొత్త వరసలు వస్తున్నాయి, అదొక్కటే నిండడం లేదు. ఎవరైనా ఆ బండి గురించి అడిగితే "కబురు రాలేదు" అని చదివేవాడు. ఆ మాట ఎన్నిసార్లు చదివాడో నేను లెక్కపెట్టలేదు. సాయంత్రం దాకా ఖాళీ. మరునాడూ ఖాళీ. ఇంటికి పోదాం రమ్మంటే, "ఇంట్లో ఏటున్నాది?" అన్నాడు. ఆ గుడ్డ ముక్క మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మధ్యమధ్య దాన్ని తాకి చూసుకోవడం నేను చూశాను. అంతకంటే నిస్సహాయంగా ఉన్న మనుషులను నా ఉద్యోగంలో ఎక్కువమందిని చూడలేదు.

చివరికి ఆ బండి జాడ దొరికింది. నీళ్ల మధ్య కట్ట మీద నిలిచిపోయిందట. పిన్ని లారీలు పట్టుకుని, నడిచి, మరో రైలెక్కి వచ్చింది. కాళ్లు వాచి ఉన్నాయి. ఇంటికి కూడా పోకుండా, ఆయన ఎక్కడుంటాడో తెలిసినట్టు ఎంక్వయిరీకే వచ్చింది. ముందు ఆయన్ని చూసింది, తర్వాత పెట్టెను చూసింది.

"బొట్టెవులు సెరిపేసినారు?"

"నానే," అన్నాడు బాబాయి. జేబులోంచి గుడ్డ తీసి ఇచ్చాడు. అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు. పిన్ని ఆ గుడ్డ మీది ఎర్రదనాన్నే వేలితో రాసి, ఈసారి పెట్టె మూత మీద అద్దింది. "ఇక్కడైతే అడ్డం రాదు కదా," అంది.

కొన్నాళ్లకు ఆ పెట్టెను పనికిరాదని తీసేశారు. బాబాయి అడిగి దాని రేకు మూత ఒక్కటి ఇంటికి తెచ్చుకున్నాడు. పెరట్లో నీళ్ల డ్రమ్ము మీద కప్పేవారు. ఏటేటా విశ్వకర్మ పూజకు పిన్ని అదే చోట మళ్లీ బొట్టు పెట్టేది.

మొన్న వెళ్లాను. కర్మకాండ అయిపోయి బంధువులు సర్దుకుంటున్నారు. పిన్ని పెరట్లో ఉంది. నుదురు బోసిగా ఉంది. నీళ్లకోసం మూత తీయబోయి, దాని మీద దుమ్ము చూసి, కొంగుతో తుడవసాగింది. అంచులు తుడిచింది, మూలలు తుడిచింది. ఆ ఎర్రటి గుండ్రం దగ్గరికొచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది. దాని చుట్టూ తుడిచింది. దాని మీదికి మాత్రం కొంగు పోనివ్వలేదు.